మూడు దెబ్బలు, విరామం, నాలుగు దెబ్బలు

ఫిబ్రవరి 26, బుధవారం

పర్యటనకు అనుమతి లభించింది. సెలవును మా పై అధికారి మంజూరు చేశారు. తక్కిన అనుమతులన్నీ నేనే ఇచ్చుకున్నాను. అభిమానుల సంఘానికి ప్రస్తుతం అధ్యక్షుడినీ, కార్యదర్శినీ, యావత్తు సభ్యులూ నేనే.

లోకంలో రాక్ బృందాలు చాలా ఉన్నాయని వింటాను. నా దృష్టిలో ఉన్నది ఒక్కటే. కనుక ఈ డైరీలో దానికి పేరుతో పనిలేదు. బృందం అంటే చాలు. వాళ్ళు విడిపోయి ఇరవై రెండేళ్ళయింది. అది వాళ్ళ అంతర్గత వ్యవహారం. సంఘం దానిని గుర్తించలేదు.

పర్యటన ఉద్దేశాలు: బృందం పుట్టిన నగరాన్ని దర్శించుట. మొదటి ఆల్బమ్ రికార్డయిన గదిని కళ్ళారా చూచుట. మూడో పాట చివర వినిపించే ఏడు దెబ్బలపై నా గ్రంథానికి ఆఖరి అధ్యాయం సమకూర్చుట.

పర్యటన ఉద్దేశాలలో లేనిది: మా తమ్ముడు.

వాడు అదే నగరంలో ఉంటాడు. వచ్చే వారం శుక్రవారం అక్కడి ఆసుపత్రిలో వాడికి గుండె ఆపరేషన్. రెండూ వాస్తవాలే. పర్యటనకూ వాటికీ సంబంధం లేదు. వాడూ నేనూ మాట్లాడుకొని పదకొండేళ్ళయింది గనుక ఈ సంగతి మరదలు మా ఆవిడకు ఫోన్ చేసి చెప్పింది. మా ఆవిడది తపాలా కార్యాలయంలో పార్సెళ్ళ విభాగం. ఏది ఎక్కడికి చేరాలో ఆవిడకు పైన రాసిన చిరునామా చదవకుండానే తెలిసిపోతుంది.

"ముప్పై నాలుగేళ్ళుగా వెళ్ళని ఊరికి సరిగ్గా వచ్చే వారమే వెళ్ళాలనిపించిందా?" అంది.

"సెలవు ఆ వారమే దొరికింది."

"అలాగే. మరిదికి స్వెట్టర్ అల్లాను, పట్టుకెళ్ళండి."

"నేను వాడి దగ్గరికి వెళ్ళడం లేదు."

"వెళ్ళకుండానే ఇచ్చి రండి."

ఇరవై ఆరేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడి చేతికి ఏ వస్తువు వచ్చినా అంకె దానంతటదే తడుతుంది. స్వెట్టర్ నాలుగు వందల ఇరవై గ్రాములు. పెట్టెలో నా చొక్కాల మీద ఉంది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

పెట్టె సర్దుతూ సంఘం మినిట్స్ పుస్తకం బయటికి తీశాను. పర్యటనకు ఆధార పత్రాలు అవసరం.

సంఘం స్థాపించిననాడు ఏడుగురం. నాకు పంతొమ్మిది, తమ్ముడికి పదిహేను. తరువాత ఒకడు పెళ్ళి చేసుకొని చెవులు మూసుకున్నాడు. ఒకడు పావురాల పెంపకంలో పడ్డాడు. ఇద్దరికి బదిలీలయ్యాయి. ఐదోవాడు ఒకనాటి ఉదయం నాతో, "నాకు అసలు ఆ పాటలు నచ్చవురా, మీ అమ్మ పెట్టే టీ కోసం వచ్చేవాణ్ణి" అని వాంగ్మూలమిచ్చి వెళ్ళిపోయాడు. చివరికి మిగిలింది అన్నదమ్ములం.

మూడో పాట అయిపోయాక, టేపు ఆగేముందు, ఏడు దెబ్బలు వినిపిస్తాయి. మూడు దెబ్బలు, విరామం, నాలుగు దెబ్బలు. శాఖ స్టాప్‌వాచీతో కొలిచాను. విరామం ఒకటింబావు సెకను. ఈ ఏడు దెబ్బలపై నేను రాసిన గ్రంథం నూట పన్నెండు పుటలు. మొదటి మూడూ భూత భవిష్యద్వర్తమానాలు, తరువాతి నాలుగూ దిక్కులు, నడుమ విరామం మానవుడి ఒంటరితనం. విరామానికే ముప్పై ఎనిమిది పుటలు కేటాయించాను.

పదకొండేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆ ముప్పై ఎనిమిది పుటలనూ సర్వసభ్య సమావేశంలో, అంటే తమ్ముడికి, చదివి వినిపించాను. వాడు లిఫ్టుల మెకానిక్కు. చేతులకు గ్రీజు ఉన్నప్పుడే వాడికి అభిప్రాయాలు కలుగుతాయి.

"అన్నయ్యా, అదేమీ సంగీతం కాదు. ఎవరో కోపంగా కర్రతో కొడుతున్నారు."

"నీకెలా తెలుసు?"

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు కొట్టే చప్పుడు రోజూ వింటాను. భయంతో కొట్టేది వేరు, ఆపరా నాయనా అని కొట్టేది వేరు. ఇది రెండోది."

ఆ తరువాత ఇరుపక్షాలా కొన్ని మాటలు దొర్లాయి. నా వైపు నుంచి వెలువడినవి మినిట్సులో నమోదు కాలేదు. నమోదైనది ఇది:

"తీర్మానం 41. బృందం ఆశయాలను కించపరచినందుకు సదరు సభ్యుని సంఘం నుంచి బహిష్కరించవలెనని అధ్యక్షులు ప్రతిపాదించిరి. సదరు సభ్యుడు సభ విడిచి వెళ్ళెను. అనంతరం తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడెను."

ఎంత చక్కని దస్తూరి. ఇప్పుడు నా చేతికి ఆ బిగువు లేదు.

బహిష్కృతుడైన ఆరు నెలలకు వాడు ఉద్యోగం మార్చుకొని, భార్యను వెంటబెట్టుకొని, ఏకంగా బృందం పుట్టిన నగరానికే వెళ్ళి కాపురం పెట్టాడు. దీనిని ఆక్రమణ అనక తప్పదు.

మార్చి 1, శనివారం

స్వెట్టర్ తీసి బీరువాలో పెట్టాను.

మార్చి 2, ఆదివారం

స్వెట్టర్ పెట్టెలో ఉంది.

మార్చి 3, సోమవారం

ఉదయం తొమ్మిదికి రైలు దిగాను. బృందం పుట్టిన నగరంలో మొదటి అడుగు నీళ్ళగుంటలో పడింది. ఎడమ బూటు తడిసింది. మనసు కూడా తడిసిందని రాయవచ్చు గానీ అది తరువాత రాస్తాను.

స్టేషనులో బృందం చిత్రపటం లేదు. ప్రధాన రహదారికి వాళ్ళ పేరు లేదు. కూడలిలో ఒక విగ్రహం ఉంది. ఆశతో దగ్గరికి వెళ్ళాను. నగరానికి మొట్టమొదట మురుగుకాల్వలు తవ్వించిన ఇంజనీరు.

లాడ్జి మేనేజరు నా రాక కారణం అడిగాడు. చెప్పాను.

"అభిమానుల సంఘం తరఫునా! ఎంతమంది వచ్చారండీ?"

"సంఘం మొత్తం వచ్చింది."

అతను నా వెనక్కి తొంగిచూశాడు. "మరి ఒక్క గదే అడిగారు?"

గది నాలుగో అంతస్తులో. లిఫ్టు ఎక్కాను. లోపల గోడకు ప్లాస్టిక్ కవరులో సర్వీసు కార్డు వేలాడుతోంది. నెలకొక గడి, గడికొక సంతకం. ఆ సంతకం చివర ఒక తోక ఉంటుంది. ఆ తోకను నేనే నేర్పించాను, వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా, మార్కుల కార్డు మీద నాన్న సంతకం పెట్టవలసిన ఒక అత్యవసర పరిస్థితిలో.

జనవరి గడి వరకు తోక ఉంది. ఫిబ్రవరి గడి ఖాళీ.

కిందికి మెట్ల మీదుగా దిగాను. వ్యాయామం మంచిది.

"లిఫ్టు బానే పనిచేస్తుంది కదండీ?" అన్నాడు మేనేజరు. "పోయిన నెల మెకానిక్కు రాలేదు లెండి. ఒంట్లో బాలేదట. మంచివాడు. పనిచేస్తున్నంతసేపూ ఒకే పాట ఈల వేస్తాడు. ఈల అయిపోయాక రెంచీతో టకటకా కొడతాడు. ఎందుకో మరి."

"ఎన్నిసార్లు కొడతాడు?"

"నేను లెక్కపెట్టానా ఏంటండీ?"

బాధ్యత లేని మనిషి.

మార్చి 4, మంగళవారం

బృందంలో బేస్ గిటార్ వాయించిన మహానుభావుడు ఇప్పుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నారు. దర్శనం కోరాను. "క్లాసు తీసుకుంటేనే మాట్లాడగలను, మధ్యలో ఖాళీ ఉండదు" అన్నారు. కనుక పద్దెనిమిదేళ్ళుగా లైసెన్సు ఉన్న నేను ఎర్ర అక్షరం అంటించిన కారులో అభ్యాసకుడిగా కూర్చున్నాను. మొదటి ఆల్బమ్ అట్ట మీద భుజాల వరకు జుట్టుతో, లోకాన్ని ధిక్కరిస్తూ నిలబడ్డ ఆ మనిషి, నన్ను సీటు బెల్టు పెట్టుకోమన్నారు.

"అయ్యా, మూడో పాట చివర ఏడు దెబ్బలు..."

"అద్దం చూసుకోండి."

"...మూడు, విరామం, నాలుగు. ఆ ఆలోచన మీలో ఎవరిది?"

"మూడో పాట ఏదండీ? క్లచ్ వదలండి, మెల్లిగా, మెల్లిగా."

పల్లవి పాడి వినిపించాను. కారు రెండుసార్లు ఎగిరి ఆగింది. వారు చాలాసేపు కిటికీలోంచి చూశారు. ఇది గతాన్ని తలుచుకోవడమని నేను భావించాను.

"ఆ బస్సు వెళ్ళేదాకా ఆగండి," అన్నారు. తరువాత అన్నారు: "ఆ గది ఇంకా ఉందండీ. కింద నర్సమ్మగారని ఒకావిడ ఉండేవారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. మా గురించి మాకంటే ఆవిడకే బాగా గుర్తు."

చిరునామా నా డైరీలో స్వహస్తాలతో రాసిచ్చారు. ఆటోగ్రాఫు కూడా అడిగాను. హాజరు పుస్తకం చాపి, "ఇక్కడ మీరు పెట్టండి" అన్నారు.

చిరునామా చేతికొచ్చింది గనుక వెంటనే వెళ్ళవలసింది. వెళ్ళలేదు. ఇంతటి సందర్శనకు సన్నద్ధత కావాలి.

మార్చి 5, బుధవారం

సన్నద్ధత కోసం నగరం చూడ్డానికి బస్సెక్కాను. ఆ బస్సు ఆసుపత్రి ముందు ఆగింది. ప్రతి బస్సూ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. నేను దిగాను, ఎందుకంటే ఎదురుగా ఉన్న పళ్ళ దుకాణంలో త్రాసు ఎడమవైపు వాలి ఉంది.

గంటా నలభై నిమిషాలు ఆ త్రాసును పరిశీలించాను. మధ్యమధ్య ఆసుపత్రి భవనాన్ని కూడా పరిశీలించాను. అయిదంతస్తులు, అంతస్తుకు పద్నాలుగు కిటికీలు, మూడో అంతస్తులో ఒక కిటికీకి తెర సగమే వేసి ఉంది.

"పండు కొంటారా, నా త్రాసుకు దిష్టి పెడతారా?" అంది దుకాణంలో ఆవిడ.

"మీ త్రాసు పదిహేను గ్రాములు తప్పు చూపిస్తోందమ్మా."

"ఎవరి వైపు?"

కొనేవారి వైపు. ప్రతి కిలోకూ ఆవిడ పదిహేను గ్రాములు ఎక్కువ ఇస్తోంది. చెప్పాను.

"తెలుసులే నాయనా. వీళ్ళందరూ ఎక్కడికి పట్టుకెళ్తున్నారో కనబడుతూనే ఉందిగా," అంది ఆసుపత్రి వైపు గడ్డం చూపించి. "నీకెవరున్నారు లోపల?"

"ఎవరూ లేరు."

"అయితే ఆ కిటికీకేసి ఎందుకట్లా చూస్తావు?"

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తప్పుడు త్రాసును చూసి కేసు రాయకుండా వచ్చేయడం ఇదే మొదటిసారి. కారణం: నా పరిధి కాదు.

లాడ్జికి చేరేసరికి మా ఆవిడ ఫోను.

"ఎక్కడున్నారు ఇంతసేపూ?"

"పరిశోధనలో."

"పళ్ళకొట్టు దగ్గరా?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మా తోడికోడలు కిటికీలోంచి చూసిందండీ. మరిదిక్కూడా చూపించిందట. మంచం మీంచి లేవొద్దంటే లేచి మరీ చూశాట్ట."

"వాడేమన్నాడు?"

"ఎందుకు చెప్పాలి? మీకు వాడితో పనిలేదుగా."

"సమాచారం నిమిత్తం."

"'అన్నయ్య బట్టతల అయిపోయాడేంటే' అన్నాట్ట. తర్వాత, 'దెబ్బల లెక్క తేలిందో లేదో' అన్నాట్ట. నవ్వబోతే ఆయాసం వచ్చిందట."

మొదటిది వాస్తవ విరుద్ధం. వెనకభాగంలో గణనీయంగా ఉంది.

మార్చి 6, గురువారం, మధ్యాహ్నం

ఆఖరి అధ్యాయం దొరికింది.

అదే రోజు, సాయంత్రం

ఏ అధికారికైనా తాను చూసినది చూసినట్లు రాయడం విధి. రాస్తున్నాను.

ఇల్లు సందులో నాలుగోది. పైన గది, కింద గది. పై గది ఇప్పుడు పరుపుల గోడౌన్. తాళం వేసి ఉంది. తలుపు సందులోంచి చూస్తే పైకప్పు దాకా పరుపులు. బృందం తొలిసారి శ్రుతి కలిపిన స్థలానికి గుమ్మం దగ్గరే నమస్కరించాను.

"ఎవరయ్యా అది? పరుపులు కావాలంటే దుకాణానికి వెళ్ళు, ఇక్కడ అమ్మరు," అని కిందినుంచి ఒక గొంతు.

నర్సమ్మగారికి డెబ్భై దాటి ఉంటాయి. వీపు నిటారుగా ఉంది. నన్ను కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ నాడి చూసి, "టీ తాగొచ్చు" అని నిర్ణయించారు. నేను సంఘం పరిచయపత్రం చూపించి, గ్రంథం ఆవిడ ముందు పెట్టి, విషయం విన్నవించాను. మూడు, విరామం, నాలుగు అని బల్ల మీద కొట్టి చూపించాను.

ఆవిడ కప్పు కింద పెట్టారు.

"అది టేపులో పడిందా?"

"అమ్మా?"

"నేనేనయ్యా! పన్నెండేళ్ళు నైట్ డ్యూటీ చేశాను. పొద్దున్న వచ్చి, ఇంత తిని, రెండింటికి నడుం వాలిస్తే పైన మొదలుపెట్టేవాళ్ళు ఆ నలుగురూ. మంచంతో సహా ఎగిరిపడేదాన్ని. నోటితో చెప్పాను, వినలేదు. వాళ్ళమ్మలకి చెప్పాను, వాళ్ళమ్మలు 'మా ఇంట్లో వాయించకుండా అక్కడికి పంపింది మేమేగా' అన్నారు. ఇంకేం చెయ్యను? మంచం మీద నిలబడి తుడుపు కర్రతో కప్పుకి కొట్టేదాన్ని. ఆపండ్రా అని."

తలెత్తి చూశాను. మంచానికి సరిగ్గా పైన సున్నం ఊడిన గుంటలున్నాయి. జేబులోంచి కొలబద్ద తీసి, అనుమతి తీసుకొని, మంచమెక్కాను. గుంట అడ్డుకొలత ఇరవై రెండు మిల్లీమీటర్లు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కర్ర తెచ్చారు. కుచ్చు మార్చారట, కర్ర అదేనట. ఇరవై రెండు మిల్లీమీటర్లు.

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. నా జీవితంలో ముప్పై ఎనిమిది పుటలు దాని మీద నిలబడి ఉన్నాయి.

"అమ్మా, మూడింటికీ నాలుగింటికీ మధ్య విరామం. అది ఎందుకు?"

ఆవిడ కర్ర పైకెత్తి మూడుసార్లు కొట్టారు. ఆగారు. కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నారు. నాలుగుసార్లు కొట్టారు.

"చెయ్యి నొప్పెట్టేదయ్యా."

స్టాప్‌వాచీ నా చేతిలోనే ఉంది. ఒకటింబావు సెకను.

నేను మంచం మీదే కూలబడ్డాను. ఆవిడకు జాలి కలిగింది కాబోలు, గ్రంథం తెరిచి ఆ పుటలే చూశారు. "ఏమని రాశావు? మానవుడి ఒంటరితనమా?" ఆవిడ నవ్విన నవ్వుకు పైన పరుపులు కూడా కదిలి ఉంటాయి. "పైన నలుగురూ, వాళ్ళ డప్పులూను! ఒంటరితనం దొరికితే హాయిగా పడుకునేదాన్ని కదయ్యా!"

వెళ్ళేముందు నా నాడి మళ్ళీ చూశారు. "ఇందాకటికన్నా వేగంగా ఉంది. ఎవరితోనైనా చెప్పుకో, తగ్గుతుంది."

చెప్పుకోవలసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఎవరో కోపంగా కర్రతో కొడుతున్నారని వాడు చూడకుండానే చెప్పాడు. కర్ర అని కూడా చెప్పాడు.

అదే రోజు, ఆరు గంటలు

వాస్తవం నిర్ధారణ అయినంతమాత్రాన తీర్మానం దానంతటది రద్దుకాదు. దానికొక పద్ధతి ఉంది. బహిష్కరణ ఎత్తివేస్తూ తీర్మానం 42 చిత్తుప్రతి తయారుచేశాను. నాలుగుసార్లు తిరగరాశాను. "పొరపాటు" అనే మాట వచ్చినప్పుడల్లా కలం మొరాయించింది. చివరికి "అప్పటి సమాచారం మేరకు" అని వేశాను.

ఆ తరువాత నియమావళి తిరగేశాను. ఆరో నిబంధన: "ఇద్దరు సభ్యులు హాజరైనగాని ఏ తీర్మానమూ చెల్లదు." పంతొమ్మిదేళ్ళ వయసులో నేనే రాశాను. ఇప్పుడు సభ్యుడిని నేనొక్కడినే. వాణ్ణి చేర్చుకోవాలంటే ఇద్దరుండాలి. ఇద్దరుండాలంటే వాణ్ణి చేర్చుకోవాలి.

కనుక చేయగలిగిందేమీ లేదు. మనసు ఎంతో తేలికపడింది. రేపు పదకొండింటికి రైలు ఉంది.

మా ఆవిడకు ఫోన్ చేసి పరిస్థితి వివరించాను. ఆవిడ మధ్యలో అడ్డు తగల్లేదు. అప్పుడే అనుమానించవలసింది.

"అయిపోయిందా?" అంది.

"కోరం లేదు. అదీ సంగతి."

"రేపు పొద్దున్న ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్తారు మరిదిని. ఆ తర్వాత కోరం కావాలంటే ఎక్కణ్ణించి తెస్తారండీ?"

నేను రైలు టిక్కెట్టు తీసి సమయం మరోసారి చూశాను.

"స్వెట్టర్ పార్సెల్ చేసి ఉంటే ఈపాటికి చేరేది," అని పెట్టేసింది.

మార్చి 7, శుక్రవారం, ఉదయం 8.40, ఆసుపత్రి

లాడ్జి నాలుగో అంతస్తు నుంచి లిఫ్టులోనే దిగాను. ఏడున్నరకు ఆసుపత్రిలో ఉన్నాను. ఒక చేతిలో స్వెట్టర్, ఒక చేతిలో మినిట్స్ పుస్తకం.

మూడో అంతస్తు వరండాలో చక్రాల మంచం మీద వాడు. తలకు ఆకుపచ్చ టోపీ. పక్కన మరదలు. ఆపరేషన్ గది ఐదో అంతస్తులో. మంచం లిఫ్టు ముందు ఆగి ఉంది. లిఫ్టు రావడం లేదు.

"రండి బావగారూ," అంది మరదలు, నేను రోజూ ఈ వేళకు వస్తున్నట్టు. స్వెట్టర్ తీసుకొని, మొహం అటు తిప్పుకొంది.

తమ్ముడు నన్ను చూడలేదు. లిఫ్టు తలుపు పైన వెలుగుతున్న అంకెను చూస్తున్నాడు.

"ఐదులో ఆగిపోయింది," అన్నాడు. "తలుపు సెన్సారుకి దుమ్ము పట్టి ఉంటుంది. రెండు నెలలు నేను రాకపోతే ఇదీ వీళ్ళ వరస. నాలుగు నిమిషాలు పడుతుంది." అప్పుడు నా వైపు తిరిగాడు. ఎంత సన్నబడ్డాడు! "తేలిందా?"

"తేలింది."

"కర్రేనా?"

"తుడుపు కర్ర. ఇరవై రెండు మిల్లీమీటర్లు."

"కోపమేనా?"

"నిద్ర. నైట్ డ్యూటీ నర్సు."

"మరి విరామం?"

"చెయ్యి మార్చుకుంది."

వాడి భుజాలు కదలడం మొదలైంది. మంచం తోస్తున్న నర్సు గదమాయించింది: "నవ్వకూడదు! ఏమండీ, మీరెవరు? పేషెంటుని నవ్విస్తున్నారేంటి?"

"అధ్యక్షులు," అన్నాడు వాడు ఊపిరి కూడదీసుకుంటూ.

నేను పుస్తకం తెరిచాను. తీర్మానం 42 చదివాను. "అప్పటి సమాచారం మేరకు" దగ్గరకు వచ్చేసరికి ఆగి, కలం తీశాను. దానిని కొట్టేసి "పొరపాటున" అని అక్కడే దిద్ది, మళ్ళీ చదివాను.

"చెల్లదు," అన్నాడు తమ్ముడు.

"తెలుసురా. కోరం లేదు. కానీ ప్రత్యేక పరిస్థితుల్లో..."

"అది కాదన్నయ్యా. ఆ నలభై ఒకటో తీర్మానం ఉంది చూడు, అదే చెల్లదు. ఆరోజు నేను చెప్పులేసుకుని గుమ్మం దాటాక కదా నువ్వు చెయ్యెత్తావు? అప్పుడు లోపల ఎంతమంది?"

పుస్తకం వెనక్కి తిప్పాను. "సదరు సభ్యుడు సభ విడిచి వెళ్ళెను. అనంతరం..." నా దస్తూరే. నా నిబంధనే. ఈ పదకొండేళ్ళూ ఇతరుల త్రాసుల్లో గ్రాముల తేడాలు పట్టుకుంటూనే ఉన్నాను.

"ఒక్కణ్ణే," అన్నాను.

"మరి నన్నెవడు బహిష్కరించాడు? నేనెప్పుడూ సభ్యుణ్ణే."

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"అప్పుడే. మెట్లు దిగుతుండగానే."

"మరి పదకొండేళ్ళు ఎందుకు రాలేదురా?"

"సభకి నోటీసు పంపాల్సింది కార్యదర్శి కదా," అన్నాడు. "నువ్వు పంపలేదు."

లిఫ్టు వచ్చింది. నాలుగు నిమిషాలే పట్టింది. మంచం లోపలికి పోయింది. తలుపు మూసుకునేటప్పుడు సెన్సారు ఒకసారి తడబడి, మళ్ళీ తెరుచుకొంది. ఆ అదనపు తెరుపులో నేను ఏదో ఒకటి అనవలసింది.

"మా లాడ్జి లిఫ్టు సర్వీసు కార్డులో ఫిబ్రవరి గడి ఖాళీగా ఉంది," అన్నాను. "వచ్చి నింపు."

తలుపు మూసుకుంది.

10.30

ఇంకా కబురు లేదు.

11.00

నా రైలు వెళ్ళిపోయి ఉంటుంది.

12.15

వెయిటింగ్ హాలు గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంది. సిబ్బందికి తెలియజేశాను. వారు కృతజ్ఞత తెలుపలేదు.

1.40

మరదలు స్వెట్టర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "అక్క చేతులు పొడుగ్గా అల్లేసింది బావగారూ," అంది. కొలిచి చూశాను. నిజమే, రెండు సెంటీమీటర్లు. అది నా కొలత. మా ఆవిడ వాడికి నా కొలతతో అల్లింది.

3.05

డాక్టరు వచ్చి మాస్కు తీశారు. అంతా సవ్యంగా జరిగిందన్నారు. "అంతా అంటే ఎంత శాతం?" అని అడిగాను. మరదలు నా చొక్కా పట్టుకొని కూర్చోబెట్టింది.

మార్చి 8, శనివారం

ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చొప్పున అనుమతించారు. మరదలు తన ఐదూ అయ్యాక నన్ను పంపింది.

నోట్లో గొట్టం. ఎడమచేతికి సూదులు, పట్టీలు. కళ్ళు తెరిచి ఉన్నాయి. మాట్లాడలేడు. ఐదు నిమిషాలు ఎలా వినియోగించుకోవాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాను. మంచం పక్క నిలబడి మినిట్స్ పుస్తకం తెరిచాను.

"సర్వసభ్య సమావేశం. గత సమావేశం జరిగి పదకొండేళ్ళు గడిచినందుకు అధ్యక్షులు విచారం వ్యక్తం చేసిరి. ఏడు దెబ్బల గ్రంథమందలి ముప్పై ఎనిమిది పుటలను ఉపసంహరించుటకును, ఆ స్థానమున నర్సమ్మగారి వాంగ్మూలమును చేర్చుటకును, సదరు అధ్యాయమును లిఫ్టుల మెకానిక్కుకు అంకితమిచ్చుటకును..."

ఇంకా రెండు పేజీలున్నాయి. మొదటి ఉపక్లాజు మొదలుపెట్టాను.

మంచం ఇనుప కమ్మీ మీద చప్పుడైంది. కుడిచేతి వేలు. మూడు దెబ్బలు.

ఆగింది.

ఎడమచేతికి సూదులున్నాయి. చెయ్యి మార్చుకోవడానికి వీల్లేదు. అయినా వాడు విరామం పాటించాడు. గోడ గడియారం చూడలేదు. ఒకటింబావు సెకను ఎంతసేపో నాకు తెలుసు.

నాలుగు దెబ్బలు.

ముప్పై నాలుగేళ్ళు విన్నాను గానీ, దాని అర్థం విని పాటించింది ఇదే మొదటిసారి. పుస్తకం మూసి, స్టూలు దగ్గరికి లాక్కొని కూర్చున్నాను. మిగిలిన మూడు నిమిషాలూ ఎవరూ ఏమీ మాట్లాడలేదు. వాడు పడుకున్నాడు.

హాజరు: ఇద్దరు.